సొంత వదిన రాసినా సరే

పెద్దాసుపత్రి వెనక వీధి,
జనవరి 9

పిచ్చుకా,

కవరు మీద నా చేతిరాత చూసి మీ అన్నయ్యకేమైందోనని కంగారుపడకు. ఆయన నిక్షేపంలా ఉన్నాడు. కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా వెతుకుతున్నాడు. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. ఫోన్‌లో నువ్వు ఆఁ, ఊఁ తప్ప మాట్లాడవు, ఆపైన పేషెంటు వచ్చిందని పెట్టేస్తావు. ఉత్తరాన్ని అలా పెట్టెయ్యలేవుగా!

సంగతేమిటంటే, మన ప్రసూతి, స్త్రీ వైద్యుల సంఘానికి ఈ ఆగస్టుకి నలభై ఏళ్ళు నిండుతాయి. పదకొండు మందితో మొదలైన సంఘంలో ఇప్పుడు రెండు వేల పైచిలుకు సభ్యులున్నారు. పెద్ద సభ పెట్టి సంచిక వేస్తారట. సంఘం చరిత్ర రాసే పని నా నెత్తిన పడింది. చరిత్ర రాయమన్నారంటే నిన్ను చరిత్రలో కలిపేసినట్టేనని మీ అన్నయ్య ఒకటే నవ్వు.

కళ్ళజోళ్ళ దుకాణం మేడ మీద మన గది గుర్తుందా? పదిహేడు మెట్లు, ఎనిమిదోది ఊగేది. పదకొండు మందిలో తొమ్మిది మంది పెద్దవాళ్ళు. కుర్చీలు వెయ్యడానికీ టీ అందించడానికీ మనిద్దరం. నెలకో శనివారం మధ్యాహ్నం, ఆ నెలలో కాన్పై చనిపోయిన ప్రతి తల్లి గురించీ ఒక కాగితం చదివేవాళ్ళం. దాని మీద ఆమె పేరుండేది కాదు, చూసిన డాక్టరు పేరుండేది కాదు. చేతిరాత గుర్తుపడతారని అన్నీ నేనే టైపు కొట్టేదాన్ని, పెదవి విప్పనని ఒట్టేసి మరీ. పెద్ద డాక్టరమ్మ చదివేది. "ఎవరు?" అని అడిగినవాళ్ళు మెట్లు దిగి వెళ్ళిపోవాలి. "ఎక్కడ జారింది?" అని మాత్రమే అడగాలి. చివర అందరం లేచి ఒక నిమిషం నిలబడేవాళ్ళం. అంతమంది పెద్ద డాక్టర్లు అలా తప్పులు ఒప్పుకుని నిలబడటం చూసి నాకు ఒళ్ళు జలదరించేది.

మినిట్స్ పుస్తకం తిరగేస్తే నీ రూలు దొరికింది. అచ్చంగా నువ్వన్న మాటలే రాసి ఉన్నాయి: "కాన్పు తర్వాత పోయిన రక్తాన్ని కంటితో అంచనా వేయరాదు. తడిసిన గుడ్డలను తూచాలి. డ్యూటీ అందుకున్న డాక్టరు మళ్ళీ తూచాలి, సొంత వదిన రాసినా సరే." ఈనాటికీ ప్రతి కాన్పు గదిలో దాన్ని వదిన రూలంటారు. "వదిన రూలు అయిందా?" అని అడిగే పిల్లలకి ఆ వదినెవరో తెలియదు. తెలిసిన నేను నోరెత్తను.

ఆ రూలు తెచ్చింది నేనేననుకుని సభలో నాకు షీల్డు ఇస్తారట. కాదంటే వినరు. కాబట్టి ఆ రూలు నీకెలా తట్టిందో రెండు పేజీలు రాసి పంపు. ఆగస్టులో నువ్వూ రా. వచ్చి ఎన్నేళ్ళయిందో లెక్కపెడితే నాకు ఏడుపొస్తుంది.

నీ గది కిటికీ తెరిచే ఉంచుతాను,
వదిన

*

చిన్నాసుపత్రి, పైగది,
ఫిబ్రవరి 20

వదినా,

అరవై ఆరేళ్ళ దాన్ని ఇంకా పిచ్చుకా అని పిలవడానికి నువ్వొక్కదానివే మిగిలావు. కవరు మీద ఆ పేరు చూసి మా నర్సమ్మ వారం రోజులుగా ముసిముసిగా నవ్వుతోంది. ఆవిడ ముందు నా పరువు తీశావు.

మెట్ల సంగతి రాశావు గానీ మొదటి కాటా సంగతి రాశావా? చరిత్రంటే అదీ. సంఘం తీర్మానమైతే చేసింది గానీ కాన్పు గదిలో తూచడానికి ఏముంది? నువ్వూ నేనూ వెళ్ళి ఆసుపత్రి వంటింట్లో కాటా ఎత్తుకొచ్చాం. వంటాయన గరిటె పట్టుకుని వార్డు దాకా వచ్చాడు. "గుడ్డలు తూచిన దాంట్లో రేపు నేను ఉల్లిపాయలెలా తూచేదమ్మా?" అని ఒకటే గోల. పెద్ద డాక్టరమ్మ కళ్ళజోడు సర్దుకుని, "మీరు కంటితో చూసి వండండి. మేం కంటితో చూడ్డం మానేశాం" అంది. ఆ వారమంతా కూరల్లో ఉప్పు కూడా కంటితోనే వేసినట్టున్నాడు, ఎవరూ నోట పెట్టలేకపోయారు. ఇవన్నీ సంచికలో వెయ్యి. ముందు పొడి గుడ్డను తూచడం, తర్వాత తడిసినదాన్ని తూచడం, తేడా తియ్యడం, ఈ మూడు పనుల్నీ నేర్పడానికి ఊరూరూ బస్సుల్లో తిరిగాం చూడు, అదీ రాయి. నీకు బస్సు పడక కిటికీ పక్కన నిమ్మకాయ వాసన చూస్తూ కూర్చునేదానివి. మంత్రసానులకు పాఠం చెప్పేసరికి మాత్రం సింహంలా లేచేదానివి.

ఇక్కడ నాకు కొత్తగా ఒక డాక్టరు పిల్ల వచ్చింది. చదువులో చురుకు, చేతుల్లో నేర్పు, అన్నీ ఉన్నాయి. నా బాధల్లా ఆ పిల్ల మర్యాదతోనే. నేను గదిలోకొస్తే లేచి నిలబడుతుంది. నేనేం చెప్పినా "అవును మేడమ్". సూర్యుడు పడమట ఉదయిస్తాడన్నా "అవును మేడమ్" అనేలా ఉంది. డ్యూటీ అప్పగించేటప్పుడు నేను రాసిన అంకెను కళ్ళకద్దుకున్నంత పని చేస్తుంది. మళ్ళీ తూచవమ్మా అంటే, "మీరు రాశాక నేనెందుకు మేడమ్?" అంటుంది. నాకు ఒళ్ళు మండిపోతోంది. ఈ పిల్లకి ఆసుపత్రి అప్పగించి ఎలా తప్పుకోను?

అందుకే ఆగస్టుకి రాలేను. ఆ రూలెలా తట్టిందంటే ఏం చెప్పను? తట్టింది, అంతే. పెద్ద డాక్టరమ్మ చెప్పిందని రాసెయ్యి. ఆవిడ ఇప్పుడు లేదు గనక కాదనదు.

అన్నయ్య కళ్ళజోడుకి తాడు కట్టు.

నీ ఆడపడుచు

*

పెద్దాసుపత్రి వెనక వీధి,
మార్చి 14

పిచ్చుకా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. కాటా గురించి, బస్సుల గురించి, ఆ పిల్ల గురించి పేజీలకు పేజీలు. నేనడిగినదానికి మాత్రం ఒక్క ముక్క. నువ్వు నీళ్ళు నమిలితే నాకు తెలియదా? ఒకే కంచంలో తిన్నాం. నువ్వు చెప్పకపోతే నేనే చెబుతాను. నలభై ఏళ్ళు కడుపులో దాచుకున్నాను, ఇక నావల్ల కాదు.

నాలుగో మంచం దర్జీ అమ్మాయి గురించి.

నాకు పెళ్ళయి మొదటి ఏడాది నిండుతోందని, మీ అన్నయ్యతో స్టూడియోలో ఫోటో తీయించుకోవాలని నేను తెగ మురిసిపోతున్న రోజులు. కాన్పు కోసం వచ్చి ముందుగానే వార్డులో చేరిన ఆ అమ్మాయి, నాకు కొత్త బట్టలు కుట్టిపెడతానని సంచీలోంచి టేపు తీసింది. చూసి చెప్పెయ్యరాదూ అన్నాను. "కళ్ళు ఊరికే మెచ్చుకుంటాయి డాక్టరమ్మా. టేపు మెచ్చుకోదు. టేపు పెట్టకుండా నేను కత్తెర ముట్టను" అంది. నా భుజాల కొలత చిన్న పుస్తకంలో రాసుకుంది. ఇంటికెళ్ళగానే కుడతానంది.

ఫోటోకి వెళ్ళాల్సిన రోజు మధ్యాహ్నం ఒంటిగంటకి ఆమెకి కాన్పయింది. ఆడపిల్ల. రెండింటికి నీకు డ్యూటీ అప్పగించాలి. రెండున్నరకి స్టూడియో. గేటు దగ్గర మీ అన్నయ్య స్కూటరు మీద కూర్చుని ఉన్నాడు. కేసు షీట్లో రక్తం ఎంత పోయిందన్న చోట రెండు వందల యాభై మిల్లీలీటర్లని రాశాను. మనందరం అదే రాసేవాళ్ళం కదా, ఇంటి చిరునామా రాసినట్టు. ఎవరికెంత పోయినా రెండు వందల యాభయ్యే. దుప్పటి ఎత్తి చూడలేదు. సంచీ అప్పటికే నా భుజాన ఉంది.

ఆ ఫోటో ఇప్పటికీ మా ముందుగదిలో ఉంది. అందులో నేను పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్నాను. నేనలా నవ్వే వేళకి నువ్వు ఆమె కాళ్ళవైపు ఎత్తయ్యేలా మంచం కింద ఇటుకలు పెట్టిస్తూ, రక్తం కోసం మనుషుల్ని పరిగెత్తిస్తున్నావు. నాలుగున్నరకి ఆమె పోయింది.

ఆ నెల కాగితం నువ్వు రాశావు. నేను టైపు కొట్టాను. "డ్యూటీ అందుకున్న డాక్టరు, ముందు రాసిన అంకెను నమ్మింది" అని ఉంది. ముందు రాసిందెవరో, ఎలా రాసిందో ఎక్కడా లేదు. ఇది కూడా చేర్చమని నేననొచ్చు. అనలేదు. పెద్ద డాక్టరమ్మ "ఎక్కడ జారింది?" అన్నప్పుడు నువ్వు లేచి "అందుకున్న చోట" అన్నావు. రాసిన చోట అని నేననాలి. వేళ్ళు చూసుకుంటూ కూర్చున్నాను. ఆ వెంటనే నువ్వు రూలు చెప్పావు. సొంత వదిన రాసినా సరే అనగానే గదంతా నవ్వింది. నేనూ నవ్వాను. కానీ ఆ మాట నాకు వాత పెట్టినట్టు తగిలింది. రెండు నెలలకి నువ్వు ఆ మారుమూల ఆసుపత్రికి వెళ్ళిపోయావు. నామీద కోపంతోనే వెళ్ళావని నాకు తెలుసు. అడిగే మొహం నాకు లేకపోయింది.

ఇప్పుడు ఆ రూలుకే నాకు షీల్డట. ఆ అంకె నాదని చెప్పకుండా ఏ మొహం పెట్టుకుని వేదికెక్కను? చెబితే నువ్వు రాసిన కాగితం తప్పవుతుంది. నువ్వు సరేనంటే చెబుతాను. వద్దంటే సభకే వెళ్ళను. కోపముంటే తిట్టు, పడతాను. ఊరుకోవద్దు.

నీ జవాబు కోసం గుమ్మంలోనే ఉంటాను,
వదిన

*

చిన్నాసుపత్రి, పైగది,
జూన్ 2

వదినా,

రెండున్నర నెలలు నిన్ను గుమ్మంలో నిలబెట్టాను. రాసి చింపినవి ఆరు ఉత్తరాలు. మా నర్సమ్మ ఇది ప్రేమలేఖేమోనని అనుమానపడుతోంది.

నీమీద నాకు కోపమా? ఎంత పిచ్చిదానివి వదినా.

నువ్వు మర్చిపోయింది ఒకటి చెబుతాను. దానికి ముందు వారం, రౌండ్స్‌లో పెద్ద డాక్టరమ్మ ఎదురుగా, నువ్వు రాసిన బీపీ లెక్క తప్పని దిద్దాను. అందరూ నవ్వారు. ఇంటికొచ్చాక నాలుగు రోజులు నువ్వు నాతో మాట్లాడలేదు. నా కంచం పెట్టేదానివి, మంచినీళ్ళు పెట్టేదానివి, మొహం మాత్రం గోడకి తిప్పుకునేదానివి. మనిద్దరికీ ఏమైందో తెలియక అమ్మ తల పట్టుకుంది. అయిదో రోజు నువ్వే నవ్వావు. ఆ నాలుగు రోజుల్లో నాకు అన్నం సహించలేదు. మొదట నువ్వు నా స్నేహితురాలివి. ఆ పైన వదినవయ్యావు. రెండూ పోతాయేమోనని హడలిపోయాను.

ఆ తర్వాత మూడో రోజే దర్జీ అమ్మాయి కాన్పు. రెండింటికి వచ్చి షీటు చూశాను. రెండు వందల యాభై. వంగి మంచం కింద చూశాను. గుడ్డల మూట, పక్కన బేసిను. అది రెండు వందల యాభై కాదని నాకు చూడగానే తెలిసింది వదినా. దానికి మూడింతలుంటుంది. దిద్దుదామని కలం మూత కూడా తీశాను. తీస్తుంటే గోడకి తిరిగిన నీ మొహం గుర్తొచ్చింది. వదిన చూసే రాసి ఉంటుందిలే అని నాకు నేను చెప్పుకున్నాను. కలం మూసి అయిదో మంచానికి వెళ్ళాను. మళ్ళీ నాలుగో మంచం దగ్గరికి వచ్చేసరికి నలభై నిమిషాలు. ఆమె పెదవులు తెల్లబడిపోయాయి.

నువ్వు చూడకుండా రాశావు. నేను చూసి కూడా ఊరుకున్నాను. రెండింటిలో ఏది పెద్ద తప్పో నలభై ఏళ్ళుగా రోజూ నాకు నేను చెప్పుకుంటూనే ఉన్నాను.

కాగితంలో "నమ్మింది" అని రాశాను. అది అబద్ధం. నమ్మలేదు, అయినా నోరెత్తలేదు అని రాయాలి. అంత ధైర్యం లేక, నాలాంటి పిరికిది మళ్ళీ ఆ పని చెయ్యకుండా రూలు పెట్టించాను. తూచడం తప్పనిసరి అయితే, ఎవరూ ఎవరినీ అనుమానించినట్టు కాదు కదా. మళ్ళీ తూచావని ఏ వదినా మొహం తిప్పుకోదు. ఆ మాట నీకు వాత కాదు, నాకు నేను పెట్టుకున్నది.

ఇంత దూరం ఎందుకొచ్చానంటావా? ఇక్కడ నాకు డ్యూటీ అప్పగించేవాళ్ళు లేరు. ఈ పిల్ల వచ్చేదాకా నా పేషెంటుని మొదటి నుంచి చివరిదాకా నేనే చూసుకున్నాను. ఇంకొకరి అంకె అందుకునే పని లేదు. అలా బతికేశాను.

సభకి వెళ్ళు. చెప్పదలిస్తే రెండూ చెప్పు. నీది ఒక్కటే చెబితే ఒప్పుకోను. పేర్లు లేకుండా చదువు, మన గదిలోలాగే. నన్ను రమ్మనకు, ఈ "అవును మేడమ్" పిల్లని ఒంటరిగా వదిలి రాలేను.

నీ పిరికి పిచ్చుక

*

పెద్దాసుపత్రి వెనక వీధి,
ఆగస్టు 21

నా తల్లీ, పిచ్చుకా,

నాలుగు రోజుల మాట నిజంగా మర్చిపోయాను. నీ ఉత్తరం చదివాక ఒక్కొక్క రోజూ గుర్తొచ్చింది. అలగడంలో నన్ను మించినవాళ్ళు లేరని మురిసిపోయేదాన్ని. ఆ అలక ఎంత దూరం వెళ్ళిందో ఇప్పుడు తెలిసింది. నన్ను క్షమించు. ఇంతకంటే పెద్ద మాట నాకు రాదు.

సభ నిన్న జరిగింది. నా పేరు పిలిచి షీల్డు తెస్తుంటే కాస్త ఆగమన్నాను. నలభై ఏళ్ళ కిందటి కాగితం తీశాను. ముందు ఆమె ఎవరో చెప్పాను. దర్జీ అనీ, టేపు పెట్టకుండా కత్తెర ముట్టేది కాదనీ. తర్వాత కాగితం చదివాను. రెండు చోట్ల మార్చి చదువుతున్నానని చెప్పాను. అంకె రాసిన డాక్టరు దుప్పటి ఎత్తి చూడలేదు, ఆమెకు ఇంకెక్కడికో వెళ్ళే తొందర ఉంది. అందుకున్న డాక్టరు ఆ అంకెను నమ్మలేదు, అయినా రాసినామె మనసు నొచ్చుకుంటుందని ఊరుకుంది.

వెనక వరసలోంచి ఒక కుర్రడాక్టరు, "ఎవరు మేడమ్ వాళ్ళు?" అన్నాడు. ఇప్పటి అధ్యక్షురాలు, నా దగ్గర పని నేర్చుకున్న పిల్లే, మైకు ముందుకి వంగి, "మెట్లు అటువైపున్నాయి బాబూ" అంది. పాతవాళ్ళం కళ్ళు తుడుచుకుంటూనే నవ్వేశాం. "ఎక్కడ జారింది?" అని తనే అడిగింది. ఒక చిన్నపిల్ల లేచి, "ఒకరి మాట ఒకరు కాదనలేకపోయిన చోట మేడమ్" అంది. అప్పుడు అందరూ లేచి నిలబడ్డారు. రెండు వేల కుర్చీలు ఒక్కసారి వెనక్కి జరిగిన చప్పుడు విన్నావా ఎప్పుడైనా? నాకు మేడ మీద పదకొండు కుర్చీల చప్పుడు గుర్తొచ్చింది.

షీల్డు తీసుకోలేదు. ఏ ఆసుపత్రిలోనైతే కాటా పాతబడిందో అక్కడికి కొత్తది పంపమన్నాను.

మీ అన్నయ్య ముందు వరసలోనే ఉన్నాడు. పేర్లు లేకపోయినా ఆయనకి తెలియదూ? ఇంటికొచ్చి ఫోటో ముందు నిలబడిపోయాడు. "ఆ రోజు గేటు దగ్గర ఆగకుండా హారన్ కొట్టింది నేనే కదా" అన్నాడు. ఇద్దరం అక్కడే కూర్చుని ఏడ్చాం. ఫోటో తీసేద్దామా అన్నాడు. ఉంచమన్నాను.

ఇప్పటికైనా ఒకసారి రావే.

వదిన

*

చిన్నాసుపత్రి, పైగది,
సెప్టెంబరు 17

వదినా,

నీ ఉత్తరాన్ని ఆ పిల్లకి చదివి వినిపించాను. పేర్లు చెప్పలేదు. విని ఏమీ అనలేదు. "అవును మేడమ్" కూడా అనలేదు. ఇదేదో మెరుగే అనుకున్నాను.

కిందటి మంగళవారం పొద్దున ఒక కాన్పు చేశాను. మగపిల్లాడు. కోడి బరువు లేడు గానీ గొంతు మాత్రం ఊరంతా వినబడింది. గుడ్డలు తూచి నాలుగు వందలని రాసి, ఎనిమిదింటికి ఆ పిల్లకి అప్పగించి చేతులు కడుక్కుంటున్నాను. వెనక కాటా చప్పుడైంది. తిరిగి చూస్తే ఆ పిల్ల మళ్ళీ తూస్తోంది. తూచి ఊరుకోలేదు, వంగి మంచం కింద చూసింది. వార్డు ఆయా ఒక మూటను బకెట్లో పెట్టి లోపలికి తోసేసిందట. నా లెక్కలో అది లేనే లేదు.

ఆ పిల్ల నా వైపు తిరిగింది. "మేడమ్, మీరు రాసింది నాలుగొందలు. నాకు ఎనిమిదొందల యాభై వస్తోంది" అంది. నేను నోరు తెరిచేలోపు నర్సమ్మని పిలిచింది, సూది మందు ఇచ్చింది, రక్తానికి ఫోన్ చేసింది. నన్ను పక్కకి జరగమంది వదినా, మర్యాద మర్చిపోయి! జరిగాను. గోడకి ఆనుకుని చూస్తూ నిలబడ్డాను. ఆ తల్లి నిన్న పిల్లాణ్ణి ఎత్తుకుని, నడుచుకుంటూ ఇంటికి వెళ్ళింది.

ఆ రోజంతా ఆ పిల్ల నా కంటపడకుండా తిరిగింది. నేను మొహం తిప్పుకుంటానని భయం. సాయంత్రం పిలిచి ఎదురుగా కూర్చోబెట్టి, నా చేత్తో టీ కలిపిచ్చాను. షీట్లో నా అంకె కొట్టేసి పక్కన తన అంకె రాసి, నా చేత సంతకం పెట్టించుకుంది. నలభై ఏళ్ళకి నేనూ వదిననయ్యాను. తప్పు చేసి ఇంత సంతోషపడ్డది నేనొక్కదాన్నేనేమో.

శనివారం బండికి వస్తున్నాను. డ్యూటీ ఆ పిల్లకి అప్పగించాను. కిటికీ మూసెయ్యలేదు కదా?

పిచ్చుక